పెట్టె మీద వల ముక్క: తెనాలి, రేపల్లె, బాపట్ల ఒక్క రోజులో

మా పిన్ని కూతురు కెజియా తొమ్మిదో తరగతి చదువుతోంది. కర్లపాలెం దగ్గర మా ఊరి హైస్కూలుకి డిసెంబరులో ఒక ట్రస్టు వాళ్లు వచ్చారు. పేదింటి పిల్లలతో కొత్త యంత్రాలు తయారు చేయించే కార్యక్రమం నడుపుతున్నామని చెప్పి, ఇంట్లో ఎవరైనా ఏదైనా చేసుంటే చూపించమన్నారు. కెజియా ఒక పాత సైకిలు పెడళ్లకు విరిగిన ఫ్యాను రెక్కలు బిగించి, మినుములు తూర్పారబట్టే యంత్రం చేసుంది. గాలి లేని రోజున ఒకరు కూర్చుని తొక్కితే చాలు, పొట్టు ఎగిరిపోయి గింజలు కింద పడతాయి. ట్రస్టు వాళ్లకు అది బాగా నచ్చింది. వేసవి సెలవుల్లో ఆరు వారాలు తెనాలిలో తమ కేంద్రంలోనే ఉంచుకుని నేర్పిస్తామని, తిండీ బసా సామానూ అన్నీ ఉచితమని, ఆ యంత్రాన్ని కూడా ముందుగా పంపించమని చెప్పి వెళ్లారు.

పిన్నీ బాబాయీ పొలం పనులకు వెళతారు. మా రెండిళ్లలో బడి గుమ్మం తొక్కిన మొదటిదాన్ని నేను. అందుకే ఇంటికి ఏ కాగితం వచ్చినా, ఏ కొత్త మనిషి వచ్చినా నన్ను పిలుస్తారు. "అన్నీ ఉచితమంటన్నారే సువార్తా. అదే నాకు భయంగా ఉంది. ఆడపిల్ల గదా. నువ్వెళ్లి చూసిరా. నువ్వు సరేనంటే నేను వేలిముద్ర వేస్తా" అంది పిన్ని. నాకైతే పిన్నికన్నా ఎక్కువ అనుమానం. నేను హాస్టల్లో చదివినప్పుడు ఇలాగే ఎవరో కంప్యూటర్లు తెచ్చారు. మా అందరినీ వాటి ముందు కూర్చోబెట్టి ఫోటోలు తీశారు. ప్లాస్టిక్ కవర్లు కూడా తీయకుండానే గదికి తాళం పడింది. పదో తరగతి అయ్యేదాకా ఆ తాళం తీయగా నేను చూడలేదు. కాబట్టి ఎవరికీ ఫోను చేయకుండా, ఒక శనివారం కెజియాను వెంటబెట్టుకుని బయలుదేరాను. ఆ ట్రస్టుకి తెనాలిలో పెద్ద కేంద్రం, రేపల్లెలో చిన్నది, బాపట్లలో ఆఫీసు ఉన్నాయి. మూడూ ఒకే రోజులో చూడాలన్నది నా ఆలోచన. మీ ఇంట్లో కూడా ఇలాంటి పిల్లో పిల్లాడో ఉంటే ఈ తిరుగుడు మీకూ పనికొస్తుంది.

పొద్దున్నే షేర్ ఆటోలో బాపట్ల చేరి, ఏడు దాటాక వచ్చే ప్యాసింజరు ఎక్కాం. టిక్కెట్టు ఇద్దరికీ కలిపి యాభై రూపాయలు దాటలేదు. జనవరి చివర కావడంతో కిటికీ అవతల మంచు తప్ప ఏమీ కనబడటం లేదు. నిడుబ్రోలు దాటాక పొలాలు మెల్లగా తేలాయి. కెజియా బుగ్గ కిటికీ ఊచలకు ఆనించి బయటకు చూస్తూ కూర్చుంది. తర్వాత అడిగింది.

"అక్కా, నువ్వు చూడ్డానికి వెళ్తున్నావా, తిట్టడానికి వెళ్తున్నావా?"

"చూసి తిడతా."

"చూడకముందే మొహం అలా పెట్టావుగా. నన్ను పంపించకూడదని ముందే అనుకున్నావా?"

అనుకోలేదని చెప్పాను. నిజానికి సగం అనుకునే ఉన్నాను. కానీ కెజియాకి వెళ్లాలని ఎంత ఉందో దాని గొంతులోనే తెలిసింది. ఎండాకాలం సెలవులంటే మా ఊళ్లో పిల్లలకు రొయ్యలు వలిచే షెడ్డే గతి. ఆరు వారాలు ఐసు నీళ్లలో చేతులు పెట్టుకుని కూర్చోవడం తప్పించే అవకాశం ఇదొక్కటే. దాన్ని పంపకపోతే ఆ షెడ్డుకి పంపినట్టే. పంపితే ఎవరి చేతుల్లో పెడుతున్నామో తెలియదు. రోజంతా నా బుర్రలో ఈ రెండే తిరిగాయి.

తెనాలి స్టేషను బయట ఇడ్లీ తిన్నాం. నలభై రూపాయలకు నాలుగు, పైన కారప్పొడి, నెయ్యి. అక్కణ్నుంచి ఆటోకి మనిషికి ఇరవై. ట్రస్టు పేరు చెప్పగానే ఆటో ఆయన అద్దంలోంచి మమ్మల్ని చూశాడు.

"ఆ యంత్రాల సెంటరా చెల్లెమ్మా? ఏసీ ఉంటదంట గదా. పెద్దోళ్లొచ్చిన రోజున పూలదండలు తెచ్చేది నేనే."

"పిల్లలు రోజూ వస్తారాండి?"

"పిల్లల్ని నేనెప్పుడూ దింపలేదమ్మా. దండలే దింపా."

ఆ మాట విన్నాక నేను మెట్లెక్కిన తీరు ఎలా ఉండి ఉంటుందో మీరే ఊహించుకోండి.

కేంద్రం ఒక చెప్పుల షాపు పైన, రెండో అంతస్తులో ఉంది. గచ్చు మెరుస్తోంది. గోడల నిండా నవ్వుతున్న పిల్లల ఫోటోలు. అద్దాల పెట్టెల్లో యంత్రాలు, ఒక్కోదాని కింద ఒక అట్ట ముక్క మీద పేరు. మెడలో కార్డు వేసుకున్న ఒక సారు వచ్చి, ఎవరు పంపారని అడిగారు. పిల్లను చేర్పించాలనుకుంటున్నామని చెబితే వెంటనే మెత్తబడి, హర్షిత అనే అమ్మాయిని పిలిచారు. మున్సిపల్ స్కూల్లో పదో తరగతి, చక్కని పిల్ల. అద్దం లేకుండా బల్ల మీదున్న ఒక చిన్న పెట్టె పక్కన నిలబడి ఇంగ్లీషులో గడగడా చెప్పింది. అర్థమైంది ఇంతే: రైతులు రోడ్ల మీద ధాన్యం ఆరబోసుకున్నప్పుడు, వాన చినుకు ఈ పెట్టె పైనున్న రేకు మీద పడితే గంట మోగుతుంది, రైతు పరుగెత్తుకొచ్చి పట్టా కప్పుతాడు.

మంచి ఆలోచనే. కానీ కెజియా యంత్రం పని చేసిన మొదటి రోజు నాకు బాగా గుర్తుంది. రెక్కలు తప్పు వైపుకి బిగించడంతో పొట్టంతా ఎదురుగా నిలబడ్డ మా బాబాయి మొహాన కొట్టింది. రెండు రోజులు ఆయన కళ్లు ఎర్రగానే ఉన్నాయి. అందుకే హర్షితను తెలుగులో అడిగాను.

"ఇది మొదటిసారి చేసినప్పుడు ఏం చెడిందమ్మా?"

హర్షిత సారు వైపు చూసింది. "ఏం చెడలేదు మేడం. ఫస్ట్ టైమే సక్సెస్."

రేకు పైన అరచేయంత వల ముక్క ఒకటి బిగించి ఉంది. నీలం రంగు నైలాను దారంతో నాలుగు మూలలా ముళ్లు వేసి ఉన్నాయి. అంత మెరిసే గదిలో అదొక్కటే చేత్తో చేసినట్టుంది. ఈ వల ఎందుకని అడిగాను. ఆ పిల్ల ఈసారి ఇంకాస్త ఎక్కువసేపు సారును చూసింది.

"పక్షులు రెట్ట వెయ్యకుండా మేడం."

ఈలోపు కెజియా వంగి పెట్టెను వాసన చూసింది. "అక్కా, ఇది ఎండుచేపల వాసన వస్తందేంటి?"

సారు నవ్వారు. "కింద మార్కెట్టు గదమ్మా, వాసనలు పైకొస్తాయి."

కింద ఉన్నది చెప్పుల షాపు. కెజియా పెట్టె మూత తీసి లోపల చూడొచ్చా అని అడిగింది. ముట్టుకోకూడదన్నారు. మీ దగ్గర చెడిపోయినవి, విరిగినవి ఎక్కడ పెడతారని అడిగితే, "ఇక్కడ అలాంటివి ఉండవమ్మా, అంతా క్లీన్‌గా ఉంచుతాం" అన్నారు. వెళ్లేటప్పుడు ఇద్దరికీ తలా ఒక టోపీ ఇచ్చారు. కెజియా మెట్ల మీదే దాన్ని తీసి సంచిలో కుక్కేసింది. "ఆ అక్క చేతులు చూశావా? ఒక్క గాటు లేదు, ఒక్క బొబ్బ లేదు" అంది. దాని వేళ్ల మీద ఫ్యాను రెక్కలు కోసిన గీతలు ఇంకా ఉన్నాయి.

తెనాలి నుంచి రేపల్లె రైలు దాదాపు గంట ప్రయాణం. ఈ లైనులో రైళ్లు తక్కువ, ఒకటి తప్పితే చాలాసేపు ఆగాలి కాబట్టి వేళలు ముందే చూసుకోండి. వేమూరు, భట్టిప్రోలు దాటుతుంటే పట్టాల పక్క రోడ్ల మీద ధాన్యం ఆరబోసి ఉంది. తెనాలిలో చెప్పింది అబద్ధం కాదన్నమాట, ఆ అవసరం నిజమే. మరి ఎండుచేపల వాసనేంటి? కెజియా కూడా అదే ఆలోచిస్తోందని నాకు తెలుసు.

రేపల్లెలో స్టేషను దగ్గర ఒక మెస్సులో భోజనం చేశాం. మామూలు భోజనం తొంభై, చేపల ఇగురు విడిగా. వడ్డించే ఆవిడ కెజియా ఆకు చూసి, "ఆ కూసింత అన్నానికి రైలెక్కి వచ్చావా అమ్మాయ్" అని ఇంకో గరిటె వేసింది. దారి కూడా ఆవిడే చెప్పింది. ట్రస్టు వాళ్ల షెడ్డు హాస్టలు వెనకుంటుంది, నడిచే పోవచ్చు. నడుస్తుండగా దారిలో కెజియా సంచి పట్టీ తెగింది. అది సంచిని చంటిపిల్లలా ఎత్తుకుని నడిచింది.

రేకుల షెడ్డు. తలుపు తెరిచే ఉంది. లోపల ఏడెనిమిది మంది పిల్లలు నేల మీద కూర్చుని ఏదో చేస్తున్నారు. మమ్మల్ని చూడగానే పద్నాలుగేళ్ల పిల్ల ఒకతి తన ముందున్న దాని మీద బకెట్టు బోర్లించి, దాని పైన కూర్చుంది.

"ఎవరండి మీరు? ఫోటోలకా?"

"కాదమ్మా, చూడ్డానికొచ్చాం."

"చూడ్డానికే వస్తారందరూ. చూసి పట్టుకుపోతారు. ఇక్కడేం లేదండి, వెళ్లండి."

పొద్దుట్నుంచీ ఊళ్లన్నీ అనుమానంగా చూస్తూ తిరిగినదాన్ని, నన్ను అనుమానించేవాళ్లు ఉంటారని ఒక్కసారి కూడా అనుకోలేదు. మెడలో కార్డు లేదు, చేతిలో కెమెరా లేదు, అయినా నా చీర, నా మాట తీరు వాళ్లకు పైనుంచి వచ్చిన మనిషిలాగే కనబడ్డాయి. మమ్మల్ని గట్టెక్కించింది కెజియా. ఆ పిల్ల ఎదురుగా చతికిలబడి, తన సైకిలు యంత్రం సంగతి మొదలుపెట్టింది. పొట్టు బాబాయి మొహాన కొట్టిన దగ్గరకొచ్చేసరికి, "ఆయన తుమ్ముతానే ఉన్నాడు, నేను తొక్కతానే ఉన్నా" అంటే షెడ్డంతా నవ్వింది. బకెట్టు మీది పిల్ల కూడా నవ్వి, వెంటనే మళ్లీ మొహం బిగించుకుంది.

"రెక్కలు తిరగేసి బిగించావా మరి?"

"తిరగేశా. ఈసారి కోళ్ల మీద పడింది."

అప్పుడు ఆ పిల్ల లేచి బకెట్టు తీసింది. కింద ఒక పెట్టె ఉంది. పైన రేకు, దానిపైన వల ముక్క, మూలల్లో నీలం దారం ముళ్లు.

తన పేరు దుర్గ అని చెప్పింది. వాళ్లది నిజాంపట్నం వైపు. నాన్న సముద్రం మీద చేపల వేటకు వెళతాడు, అమ్మ, మామ్మ చేపలు ఎండబెడతారు. ఇసుక మీద ఆరబోసిన చేపలు ఒక్క వానకు తడిస్తే వారం కష్టం కుళ్లిపోతుంది. అందుకే ఈ పెట్టె. నేను తెనాలిలో అడిగిన ప్రశ్నే ఇక్కడా అడిగాను. మొదటిసారి ఏం చెడింది?

"అమ్మో, అడక్కండి. తెల్లారుజామున మోగడం మొదలెట్టింది. వాన లేదు, గీన లేదు. మంచు దిగి రేకు తడిసింది గదా, దానికి మోగిందండి. మా నాన్నోళ్లు వేటకి లేచే టైమే కాబట్టి ఎవరూ తిట్టలా. మా మామ్మ ఒక్కతే, ఈ పెట్టెని తీసుకెళ్లి సముద్రంలో పడేస్తానంది."

"మరి ఏం చేశావు?"

"రోజూ అదే గోల. మోగకుండా రేకు వంచి పెడితే వానకి కూడా మోగడం మానేసింది. ఒకరోజు చూస్తే ఆరేసిన వల మీదంతా మంచు బొట్లున్నాయి, దాని కింద ఇసక పొడిగా ఉంది. అంతేనండి, చిరిగిన వల ముక్క కోసి పైన కట్టేశా. మంచు వలకే పట్టుకుంటది. వాన చినుకైతే బరువు గదా, కిందికి దిగుద్ది."

పక్షుల రెట్ట కోసం కాదు. నేనూ కెజియా మొహాలు చూసుకున్నాం. తెనాలిలో హర్షిత చూపించింది ఈ పిల్ల చేసిన మొదటి పెట్టె.

పిల్లలకు నేర్పించే శిరీష మేడం అప్పుడే వచ్చారు. నా కన్నా రెండు మూడేళ్లు పెద్దదేమో. విషయం అడిగితే తలుపు దగ్గరకు తీసుకెళ్లి గొంతు తగ్గించారు. "పైనుంచి అడిగారండి, ఇచ్చాను. ఇవ్వనంటే ఈ షెడ్డు మూసేస్తారు. చేపలంటే చూసేవాళ్లకి బాగోదని ధాన్యం అని మార్చారంట. దుర్గకి చెప్పలేదు, కానీ దానికి తెలిసిపోయింది." ఆవిడ మంచిదో భయస్తురాలో నేను తేల్చుకోలేకపోయాను. రెండూ అయి ఉండొచ్చు. కానీ షెడ్డు మూల ఒక గోనెసంచి నిండా కాలిన మోటార్లు, విరిగిన చక్రాలు, వంకర రేకులు ఉన్నాయి. పిల్లలు కావలసినప్పుడల్లా అందులో చెయ్యి పెట్టి ఏదో ఒకటి తీసుకుంటున్నారు. ఎవరూ వద్దనడం లేదు. ఆ సంచిని చూశాక నాకు పొద్దుటి నుంచీ మొదటిసారి ఊపిరాడింది.

వచ్చేటప్పుడు దుర్గ కెజియా సంచి లాక్కుని, తెగిన పట్టీని నీలం దారంతో రెండు నిమిషాల్లో కట్టేసింది. "వల ముడి. తడిస్తే ఇంకా బిగుస్తది. పీక్కో చూద్దాం" అంది. కెజియా పీకింది. ఊడలేదు.

రేపల్లె నుంచి బాపట్ల బస్సు చెరుకుపల్లి మీదుగా వెళుతుంది. ఆడవాళ్లకు ఉచితం, ఆధార్ చూపిస్తే కండక్టరు సున్నా టిక్కెట్టు ఇస్తాడు. మాకు సీట్లు దొరకలేదు. దారిలో కర్లపాలెం వస్తే కెజియా, "దిగిపోదామా?" అంది. దానికి ఆఫీసంటే భయం పట్టుకుంది. దిగలేదు.

బాపట్ల ఆఫీసు ఇంకా తెరిచే ఉంది. అక్కడి పెద్ద సారు మర్యాదస్తుడు, కుర్చీలు వేయించారు, టీ తెప్పించారు. ఆయన వెనక గోడ మీద పెద్ద ఫోటో ఉంది. హర్షిత ఆ పెట్టెను రెండు చేతులతో పట్టుకుని నవ్వుతోంది. వల ముక్క, నీలం ముడి స్పష్టంగా కనబడుతున్నాయి. నేను డొంకతిరుగుడు లేకుండా అడిగేశాను. ఆ పెట్టె రేపల్లె పిల్ల చేసింది కదండీ, ఆ అమ్మాయి ఫోటో ఏది?

"అందరూ మా పిల్లలే గదమ్మా. ఎవరు చూపిస్తే ఏంటి?"

కెజియా లేచి తన సంచి తెచ్చి ఆయన బల్ల మీద పెట్టింది. "ఈ ముడి చూడండి సార్. ఆ ఫోటోలో ముడి చూడండి. ఇది ఇవ్వాళ మధ్యాహ్నం దుర్గ వేసింది."

ఆయన చూశారు. తర్వాత మెల్లగానే చెప్పారు. "నిజమేనమ్మా. కానీ రేపల్లె పిల్లలకి మాట్లాడటం రాదు. డబ్బిచ్చేవాళ్లు వచ్చినప్పుడు తడబడితే కార్యక్రమమే పోద్ది. అప్పుడు దుర్గకి ఆ షెడ్డు కూడా ఉండదు. నీ సంగతీ అంతే పాపా. నువ్వు చెయ్యి. చెప్పేవాళ్లు వేరే ఉంటార్లే, నీకెందుకు ఆ టెన్షన్?"

ఆయన పూర్తిగా అబద్ధం చెప్పడం లేదు, అదే నన్ను ఆపింది. కెజియా మాత్రం నిలబడే ఉంది.

"పొట్టు మా నాన్న మొహాన పడింది సార్. చెప్పేవాళ్ల నాన్న మొహాన పడలేదుగా. ఏం చెడిందని ఎవరైనా అడిగితే వాళ్లేం చెప్తారు?"

చివరకు కెజియానే తేల్చింది. తెనాలి వద్దు, రేపల్లె అయితే వస్తానంది. యంత్రాన్ని ముందుగా పంపదు, వేసవిలో తనే పట్టుకెళుతుంది. రేపల్లె అడిగినవాళ్లు ఇంతవరకూ ఎవరూ లేరని, అక్కడి హాస్టల్లో ఖాళీలు బోలెడున్నాయని ఆయన ఒప్పుకున్నారు. మార్చిలో జరిగే ప్రదర్శనకు దుర్గను తప్పకుండా పిలుస్తామని కూడా నాకు చెప్పారు. ఆ మాట నేను నమ్మలేదు. ఇది రాసేటప్పటికి కూడా నమ్మడం లేదు. మార్చిలో నేను వెళతాను. దుర్గ అక్కడుందో లేదో చూసి ఇక్కడే రాస్తానని ఆయన మొహం మీదే చెప్పి వచ్చాను.

చీకటి పడుతుండగా ఇల్లు చేరాం. పిన్ని గుమ్మంలోనే అడిగింది, "ఎట్టా ఉన్నారే వాళ్లు? మంచోళ్లేనా?" మంచోళ్లని చెప్పలేకపోయాను, చెడ్డోళ్లని కూడా చెప్పలేకపోయాను. రేపల్లెలో పిల్లలు నిజంగా నేర్చుకుంటున్నారని, వాళ్ల దగ్గర్నుంచి తీసుకుపోయేవాళ్లు కూడా ఉన్నారని, ఆదివారాలు చెప్పకుండా వెళ్లి చూసొస్తానని చెప్పాను. పిన్ని కెజియా వైపు చూసి, తెగిన పట్టీ ముడి వేలితో తడిమి, వేలిముద్ర వేయడానికి ఒప్పుకుంది. అనుమానం పోతే తప్ప పిల్లను పంపకూడదని పొద్దున అనుకున్నాను. సాయంత్రానికి అది మారింది. మనకు ఇచ్చేవాళ్ల మీద అనుమానం ఎప్పటికీ పూర్తిగా పోదేమో. దాన్ని వెంటబెట్టుకునే వెళ్లాలి, మూల కూర్చోబెట్టుకుని కాపలా కాయించాలి. నాకు హాస్టల్లో ఆ తాళం ఎందుకు వేశారని అడిగేవాళ్లు ఎవరూ రాలేదు. కెజియాకి నేనున్నాను. దుర్గకి కూడా ఎవరో ఒకరు ఉండాలి.

మీ పిల్లను ఇలాంటిచోట చేర్చే ముందు ఒక పని చేయండి. ఫోను చేయకుండా వెళ్లండి. వెళ్లాక, చేసిన యంత్రాలు కాదు, చెడిపోయినవి చూపించమని అడగండి. చూపించడానికి ఏమీ లేదంటే, వచ్చిన బస్సే ఎక్కి వెనక్కి రండి.